కోతకు పది రోజుల ముందు బూడిద తెగులొస్తే

(నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ఆదివారం ఉదయం మిద్దె తోటల వాళ్లతో మాట్లాడిన మాటల పాఠం. మాట్లాడింది మొక్కల తెగుళ్ల మీద పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకు వినిపిస్తోందా? సరే.

ముందు ఈ కవర్ అందరి చేతులూ తిరగనివ్వండి. తెరవకండి, బయటి నుంచే చూడండి. మా మిద్దె మీది సొర ఆకు ఇది. పొద్దున ఆరున్నరకు కోసి తెచ్చాను. ఆకు మీద పావలా బిళ్లంత తెల్ల మచ్చలు కనిపిస్తున్నాయి కదా, ఇంకా విడివిడిగానే ఉన్నాయి. ఇంకో నాలుగైదు రోజులు వదిలేస్తే అన్నీ కలిసిపోయి, ఆకంతా విభూది చల్లినట్టయిపోతుంది. ఆ తీగకు మూడు కాయలున్నాయి. రెండు జానెడు పొడుగు, ఒకటి ఇప్పుడే పిందె. కాయ చేతికి రావడానికి వారం పది రోజులుంది, ఈలోపు బూడిద వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఏం కొట్టాలి?

ఈ ప్రశ్న నాకు కార్తీకం నుంచి శివరాత్రి దాకా రోజుకొకటైనా వస్తుంది. "మేడమ్, బూడిద తెగులు, ఏం కొట్టమంటారు?" నేను వెంటనే మందు పేరు చెప్పను. కాయ ఎప్పుడు కోస్తారు, కోసిందాన్ని ఏం చేస్తారు అని అడుగుతాను. చాలామందికి చిరాకు వస్తుంది. జ్వరమని వెళ్తే డాక్టరు మీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగినట్టుంటుంది వాళ్లకు. కానీ కోత దగ్గర పడ్డాక ఆ రెండింటి జవాబు తెలియకుండా మందు చెప్పలేం. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అంతకంటే ముందు, అది బూడిద తెగులేనా? పోయిన నెల కొండాపూర్ నుంచి ఒకావిడ ఫోటోలు పంపారు. ఆకులన్నీ తెల్లగా, టమాటా, వంగ, కరివేపాకు దేన్నీ వదలకుండా. నాకు అనుమానం వచ్చింది. ఇన్ని రకాల మొక్కలకు ఒకేసారి, ఒకేలా రాదు ఈ తెగులు. సొరకొచ్చే రకం వేరు, మామిడికొచ్చేది వేరు, గులాబీకొచ్చేది వేరు. "అమ్మా, ఒక ఆకు నీళ్లతో కడిగి మళ్లీ ఫోటో తీయండి" అన్నాను. కడిగితే ఆకు నిగనిగలాడుతోంది. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారు, అది సిమెంట్ దుమ్ము! పాపం ఆవిడ అప్పటికే రెండు రకాల మందులు కొట్టేశారు.

కాబట్టి బొటనవేలితో రుద్ది చూడండి. తెగులైతే పొడి వేలికి అంటుతుంది, కింద ఆకు కాస్త పసుపు తిరిగి కనిపిస్తుంది, మూడు నాలుగు రోజుల్లో అదే చోట మళ్లీ తెలుపు లేస్తుంది. దుమ్మైతే పోతే పోయినట్టే. పిండినల్లి అనే పురుగైతే రుద్దినప్పుడు జిగురుగా, దూదిలా ఉంటుంది. గుమ్మడి ఆకుల మీద ఈనెల మధ్య వెండి రంగు మరకలుంటాయి కొన్ని రకాల్లో. అది ఆ మొక్క పుట్టుకతో వచ్చిన రంగు, రుద్దితే పోదు, దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. ఒకాయన ఏకంగా బూడిద గుమ్మడికాయ పట్టుకొచ్చి "కాయ మొత్తం తెగులే మేడమ్" అన్నారు. (నవ్వులు) నవ్వకండి, ఆయనకు తోట కొత్త. ఆ కాయ మీదుండేది మైనం పూత. దాన్ని చూసే మనవాళ్లు ఆ పేరు పెట్టారు.

ఇంకో పొరపాటు బూజు తెగులును, బూడిద తెగులును ఒకటే అనుకోవడం. బూజు తెగులు దోస, బీర ఆకుల మీద ఈనెల మధ్య పసుపు పలకల్లా వస్తుంది, ఆకు తిప్పితే కింద బూడిద ఊదా రంగు నూగు ఉంటుంది. అది తడిని కోరుకుంటుంది. రాత్రంతా ఆకు తడిసి ఉంటే దానికి పండగ. బూడిద తెగులు అలా కాదు. ఆకు మీద నీటి చుక్క నిలబడక్కర్లేదు, గాలిలో తేమ చాలు. ఈ తెగులు ఒక శిలీంద్రం, దాని బీజం మొలకెత్తడానికి కావలసిన నీళ్లు ఆ బీజం లోపలే ఉంటాయి. ఊరికెళ్తూ నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకునే మనిషి లాంటిది. పైగా ఆకు మీద నీళ్లు నిలిస్తే ఈ బీజాలు సరిగా మొలకెత్తవు. అందుకే వానాకాలంలో జోరు వానల్లో ఇది పెద్దగా కనిపించదు, వానలు ఆగి మంచు మొదలయ్యాక విజృంభిస్తుంది. మన హైదరాబాద్‌లో డిసెంబర్ వాతావరణం దీని కోసమే తయారు చేసినట్టుంటుంది. పగలు 28 డిగ్రీలు, రాత్రి 15కు అటూ ఇటూ, తెల్లవారుజామున మంచు, ఆ తర్వాత పొడి గాలి.

దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. ఫోన్‌కు తగిలించే చిన్న లెన్స్ దొరుకుతుంది, అది పెట్టి చూడండి. మచ్చ మీద సన్నటి సాలెగూడు లాంటి పోగులు, ఆ పోగుల మీద నిటారుగా లేచిన పొట్టి కాడలు. ఒక్కో కాడ మీద పేలాలు దారానికి గుచ్చినట్టు బీజాల వరస. చివరనున్నది పండి గాలికి రాలిపోతుంది, మొదట్లో ఇంకోటి తయారవుతుంది. మనం కళ్లతో చూసే తెల్లపొడి అంతా అదే. ఆ శిలీంద్రం ఒళ్లు దాదాపు మొత్తం ఆకు పైనే ఉంటుంది. లోపలికి పంపేది పీల్చుకునే గొట్టాలను మాత్రమే, అదీ పై పొర కణాల్లోకే. వేలితో తుడిస్తే పొడి పోతుంది కానీ గొట్టాలు పోవు. అందుకే మళ్లీ లేస్తుంది. బీజం పడ్డాక తెల్ల మచ్చ కనిపించడానికి మూడు నుంచి ఏడు రోజులు చాలు. కోతకు పది రోజులుందంటే, ఈ లెక్కన అది ఇంకో తరం, వీలైతే రెండు తరాలు కనేస్తుందన్నమాట.

ఒళ్లంతా బయటే పెట్టుకుని ఉంటుంది కాబట్టి మనకు ఒక సౌలభ్యం ఉంది. పైపైన తగిలే వాటితోనే దీన్ని అదుపు చేయొచ్చు. లోపలికి పాకే అంతర్వాహిక మందులు మిద్దె తోటలో, అదీ కోత ముందు, దాదాపు ఎప్పుడూ అవసరం పడవు.

మా సొర తీగకు నేనేం చేస్తున్నానో చెప్తాను, అది సులువు. నిన్న సాయంత్రం గాలి లేనప్పుడు మొదలు దగ్గర ముదురు ఆకులు నాలుగు తీసేశాను. తీసే ముందు వాటి మీద కాస్త నీళ్లు చిలకరించాను, కదిలిస్తే పొడి లేచి పక్క ఆకుల మీద పడకుండా. కోసిన ఆకును కోసినట్టే కవర్లోకి పంపాలి, కింద పడేసి తర్వాత ఏరుకుందాం అనుకోవద్దు. ఒకేసారి మూడో వంతుకు మించి ఆకులు తీయకండి. కాయకు తిండి పెట్టేది ఆ ఆకులే. ముఖ్యంగా కాయ పక్కనున్న ఆకును, అది కొంచెం తెల్లబడ్డా సరే, కాయ కోసేదాకా ఉంచుతాను. ఆకులన్నీ దూసేసి కాయను ఎండకు వదిలేస్తే దానికి ఎండదెబ్బ తగులుతుంది. తెగులు చేసే నష్టం కంటే మన కత్తెర చేసే నష్టం ఎక్కువవుతుంది.

రోజు విడిచి రోజు పొద్దున్నే నీళ్ల పైపుతో ఆకులకు రెండు వైపులా సన్నటి జల్లు కొడుతున్నాను. బీజాలు కొట్టుకుపోతాయి, మిగిలినవాటికి ఆ తడి గిట్టదు. ఎండెక్కేసరికి ఆకులు ఆరిపోవాలి, సాయంత్రం మాత్రం వద్దు. అదే తీగకు బూజు తెగులు కూడా ఉంటే ఈ పని అసలే చేయొద్దు, దానికి మీరే అన్నం పెట్టినట్టవుతుంది. కుండీని కూడా జరిపాను. నీళ్ల ట్యాంకు నీడలో ఉండేది, ఎండలోకి లాగాను. ఈ తెగులుకు నీడ ఇష్టం, నేరుగా పడే ఎండ పడదు. ఇంక ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, గానుగ చెక్క నానబెట్టిన నీళ్లు లాంటి ఎరువులన్నీ ఆపేశాను. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, లేతగా వస్తుంది. తెగులు మొదట ఎక్కేది అలాంటి ఆకు మీదే.

ఇక పాలు. అవును, పాలే! 1999లో బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గ్రీన్‌హౌస్‌లో పెంచిన జుకినీ మొక్కల మీద ఆవుపాలు నీళ్లలో కలిపి కొట్టి చూశారు. జుకినీ మన గుమ్మడి కుటుంబానిదే. పదింట ఒక వంతు పాలు కలిపితే బూడిద తెగులు బాగా తగ్గిందని రాశారు. ఆ తర్వాత ద్రాక్ష మీద కూడా ప్రయత్నాలు జరిగాయి. పాలలోని ప్రోటీన్ ఎండ తగిలినప్పుడు శిలీంద్రానికి పడని పదార్థాలను పుట్టిస్తుందని ఒక వివరణ. అందుకని పాలు కొట్టాల్సింది పొద్దున, ఎండ ముందున్నప్పుడు. అర లీటరు ప్యాకెట్ అయిదు లీటర్ల మందుకు సరిపోతుంది. వారానికొకసారి.

టోన్డా, ఫుల్ క్రీమా అంటున్నారా? (నవ్వులు) వెన్న తీసిందైనా పనిచేస్తుంది, కొవ్వు తక్కువైతే వాసన కూడా తక్కువ. ఎక్కువ చిక్కగా మాత్రం కొట్టొద్దు, ఆకు మీద నల్ల బూజు కడుతుంది, చీమలు వస్తాయి. తెగులు అప్పుడే మొదలైనప్పుడు పాలు బాగా పనిచేస్తాయి. ఆకంతా తెల్లబడ్డాక కొడితే పాలు దండగ, మీరు కాఫీ అయినా తాగొచ్చు.

వంటసోడా కూడా పనికొస్తుంది. లీటరు నీళ్లకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, ఆకుకు అంటుకోవడానికి రెండు చుక్కల సబ్బు నీళ్లు. ముందు రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడండి. అంచులు మాడితే మోతాదు తగ్గించండి. కుండీల్లో దీన్ని పదే పదే కొడితే మట్టిలో సోడియం పేరుకుంటుంది, అదొక ఇబ్బంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే దానికంటే మేలు, పని కూడా బాగా చేస్తుంది. ఒకాయన సోడా లేదని ఈనో ప్యాకెట్లు పోశారట. అందులో నిమ్మ ఉప్పు ఉంటుంది, నీళ్లు తగలగానే బుస్సుమని పొంగి సోడా కాస్తా అక్కడే ఖర్చయిపోతుంది. మొక్కకు మిగిలేదేం లేదు.

గంధకం సంగతి చెప్పకుండా ఈ తెగులు కథ పూర్తికాదు. 1845లో ఇంగ్లండ్‌లో మార్గేట్ అనే ఊళ్లో టక్కర్ అనే తోటమాలి తన గాజు ఇంట్లో ద్రాక్ష తీగల మీద ఈ బూడిదను చూశాడు. అది అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చిన తెగులు. ఆయనే గంధకం, సున్నం నీళ్లు కలిపి కొట్టి అదుపు చేశాడు కూడా. రెండేళ్ల తర్వాత బర్క్‌లీ అనే ఆయన ఆ శిలీంద్రానికి పేరు పెడుతూ టక్కర్ పేరే తగిలించారు. మందు కనిపెట్టినవాడి పేరు తెగులుకు అంటుకుంది, పాపం. అది కొద్ది ఏళ్లలోనే ఫ్రాన్స్‌కు పాకింది. 1850ల మొదట్లో అక్కడ వైన్ ఉత్పత్తి కుప్పకూలింది. వెర్సాయ్ తోటల్లో గ్రిజోన్ అనే తోటమాలి 1852లో గంధకం, సున్నం కలిపి ఉడకబెట్టి ఒక ద్రవం చేశాడు. మెల్లగా ఫ్రాన్స్ మొత్తం తీగల మీద గంధకం చల్లడం అలవాటైంది. మనం ఎప్పుడూ వినే బోర్డో మిశ్రమం, 1885 నాటిది, బూజు తెగులు కోసం వచ్చిన రాగి మందు. బూడిదకు గంధకం, బూజుకు రాగి. ఈ రెండూ తారుమారు చేసి కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్ష తోటలుండేవి, అనాబ్-ఎ-షాహి రకం పందిళ్లు. అక్టోబర్‌లో కత్తిరింపులు చేసేవారు, చలికాలమంతా ఈ తెగులుతో కుస్తీ. పొద్దున్నే జీపు దిగగానే గంధకం వాసన ముక్కుకు కొట్టేది. ద్రాక్షకు మరీ ప్రమాదం. గింజ మీదికి తెగులెక్కితే తోలు సాగడం ఆగిపోతుంది, లోపల గుజ్జు పెరుగుతుంది, గింజ పగిలి గుత్తి మొత్తం కుళ్లుతుంది. ఇప్పుడా తోటల్లో చాలావాటి మీద ఇళ్లు లేచాయి.

నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు అని మన పుస్తకాల్లో ఉంటుంది. మంచి మందే. కానీ ఎండ 32 డిగ్రీలు దాటిందంటే ఆకును మాడ్చేస్తుంది. దోస జాతి తీగలకు అంతకంటే తక్కువ ఎండలో కూడా పడకపోవచ్చు. ఇది నేను క్లాసులో పిల్లలకు చెప్పిన పాఠం. చెప్పిన నేనే ఏం చేశానో వినండి. రిటైరైన ఏడాది, శివరాత్రి వెళ్లిన మర్నాడు, కీర దోసకు బూడిద కనిపించింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మా అమ్మ చెప్పేది. నేనది మర్చిపోయి, పైగా అయిదు రోజుల కిందట వేపనూనె కొట్టిన సంగతి కూడా మర్చిపోయి, పదకొండింటికి గంధకం కొట్టాను. నూనె కొట్టాక కనీసం రెండు వారాలు గంధకం జోలికి వెళ్లకూడదు. సాయంత్రానికి ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముడుచుకున్నాయి. మూడో రోజుకు తీగే లేదు. మా ఆయన ఏమీ అనలేదు. బజారు నుంచి కిలో కీర దోసకాయలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు, అంతే.

అంతర్వాహిక మందుల గురించి ఒక్క మాట. ఇదే నగరంలో ఒక మందుల షాపులో, పేరు వద్దు, కొత్తిమీర మడికి బూడిద వచ్చిందంటే నాకు హెక్సాకొనజోల్ చేతిలో పెట్టారు. నేనెవరో వాళ్లకు తెలియదు, నేనూ చెప్పలేదు. "కొట్టాక ఎన్ని రోజులకు కోసుకోవచ్చు?" అంటే "ఏం కాదు మేడమ్, అందరూ కొడుతున్నారు, మూడు రోజులాగండి చాలు" అన్నాడు. లేబుల్ మీద చూస్తే కొత్తిమీర పేరే లేదు. లేబుల్‌లో మీ పంట పేరు లేదంటే, మీ పంటకు ఎన్ని రోజులు ఆగాలో ఎవరూ లెక్క కట్టి ఇవ్వలేదని అర్థం. ఆ మూడు రోజులన్నది ఆ అబ్బాయి నోటికొచ్చిన అంకె. చిన్న సీసాల్లోకి వంచి లేబుల్ లేకుండా అమ్మేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర అసలే కొనకండి.

ఇప్పుడు ఒక కథ చెప్తాను. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను.

మా అక్క కొడుకు టొరంటోలో ఉంటాడు. ఒక సెప్టెంబర్ చివర్లో ఫోన్ చేశాడు. "పిన్నీ, మొక్కలకు బూడిద తెగులొచ్చింది, రెండు వారాల్లో కోత. ఏం చేయమంటావ్?" నాకు మహా సంతోషం, మనవాడు తోట వేశాడని. "ఏం మొక్కరా?" అన్నాను. "హెర్బ్ పిన్నీ." "తులసా, పుదీనానా?" అటునుంచి చప్పుడు లేదు. (నవ్వులు)

అదే. గంజాయి. కెనడాలో అది 2018 అక్టోబర్ 17 నుంచి చట్టబద్ధం. వాడుండే చోట ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఒక్క మొక్క పెంచినా నేరం, పదేళ్ల దాకా జైలు. కాబట్టి ఎవరికైనా ఆలోచన వస్తే ఇక్కడే మానుకోండి. కానీ తెగుళ్లు చదివినదాన్ని కదా, ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. కోతకు ముందు ఏం కొట్టాలనే సమస్య అంత మొండిగా ఉండే పంట ఇంకోటి నేను చూడలేదు.

ఎందుకంటే, అందులో కోసేది పువ్వును. కాయ కాదు, తొక్క తీసేది లేదు, ఉడకబెట్టేది లేదు. ఆ పువ్వు నిండా జిగురు నూగు ఉంటుంది. బూడిద తెగులు బీజాలైనా, మనం కొట్టిన మందైనా ఆ జిగురుకు అంటుకుందంటే తుడిస్తే వచ్చేది కాదు. ఆ తర్వాత దాన్ని చాలామంది కాల్చి పీలుస్తారు. కడుపులోకి వెళ్లేదానికి, మంటలో కాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదానికి లెక్కలు వేరు. మైక్లోబ్యుటానిల్ అనే మందుంది, ద్రాక్ష మీద బూడిద తెగులుకు మన దేశంలోనూ వాడతారు. చెప్పిన మోతాదులో, చెప్పిన రోజులాగి ద్రాక్ష తింటే ఫర్వాలేదని అనుమతిచ్చారు. అదే మందును కాలిస్తే విరిగిపోయి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పుడుతుంది. 2016, 17 ప్రాంతాల్లో కెనడాలో లైసెన్సు ఉన్న సాగుదారుల సరుకులోనే దీని అవశేషాలు బయటపడి, సరుకు వెనక్కి తెప్పించారు. మందు మారలేదు, తెగులు పేరు కూడా అదే. కోసిందాన్ని ఏం చేస్తారన్నది మారింది. నేను మిమ్మల్ని విసిగించే ప్రశ్న ఇదేనండీ.

మావాడికి ఏం చెప్పాను? పువ్వు వచ్చాక గంధకం వద్దు, వేపనూనె వద్దు, ఇంక ఏ మందూ కొట్టకు అన్నాను. తెల్లబడిన పెద్ద ఆకులు తీసెయ్, మొక్కల మధ్య గాలి ఆడనివ్వు, రాత్రిళ్లు మంచు పడుతుంటే పందిరి కిందికి జరుపు. పువ్వు మీదికి ఎక్కకపోతే నాలుగు రోజులు ముందే కోసెయ్. పువ్వు మీదికి ఎక్కిందా, ఆ కొమ్మను మొహమాటం లేకుండా పారెయ్. లోపల ఎండబెట్టే చోట మంచి కొమ్మల పక్కన దాన్ని వేలాడదీయకు. ఈ శిలీంద్రం మనిషి ఒంట్లో పెరగదు కానీ ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లు దాని పొడి పీలిస్తే ఇబ్బంది పడతారు. పైగా తడి ఉన్నచోట ఇది ఒక్కటే ఉండదు, వేరే బూజులు కూడా తోడొస్తాయి. నాలుగింట్లో ఒక మొక్క మొత్తం పారేశాడట. మా అక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు, వాణ్ని తిట్టకుండా సలహా చెప్పానని.

ఇక మన మిద్దె మీదికి వద్దాం. సొర, బీర తొక్క తీస్తాం. బెండకు తొక్క ఉండదు, తుడిచి తరిగేస్తాం. కొత్తిమీరలో మందు పడిన ఆకే నేరుగా కూర మీద పడుతుంది. అందుకని కోత ముందు సొరకు నేను వంటసోడా దాకా వెళ్తాను. బెండకైతే నీళ్లు, పాలు. కొత్తిమీరకు ఏమీ కొట్టను. తెల్లబడిన కట్ట తీసేసి మిగతాదంతా అదే రోజు కోసుకుని పచ్చడి చేసేస్తాను. వేపనూనె కూడా ఆకుకూరలకు కోత ముందు వద్దు. విషమని కాదు, కడిగినా చేదు పోదు, ఇంట్లోవాళ్లు మీ తోటనే తిట్టుకుంటారు. గులాబీలు దేవుడి గదికైతే గంధకం కొట్టినా నష్టం లేదు. రేకులతో గుల్కంద్ చేసుకు తినే అలవాటున్న వాళ్లు మాత్రం ఆ మొక్కను విడిగా పెట్టుకోండి.

గుమ్మడి సంగతి వేరు. సంక్రాంతికని పెంచుతారు కదా, ధనుర్మాసంలో ఆకులన్నీ తెల్లబడి ఎండుతుంటే కంగారు పడకండి. కాయ తొక్క మీద గోరు గుచ్చి చూడండి. గోరు దిగకపోతే, తొడిమ ఎండి గట్టిపడితే, కాయ పని అయిపోయినట్టే. ఇక ఆకులతో దానికి అవసరం లేదు. తొడిమ నాలుగు అంగుళాలు ఉంచి కోసుకోండి. గోరు దిగుతోందంటే మాత్రం ఆ ఆకులను కాపాడుకోవాలి. ఖర్బూజకు అయితే ఇంకా ముఖ్యం. ఆఖరి పది రోజుల్లోనే కాయలోకి తీపి చేరుతుంది, ఆకు పోతే కాయ పెద్దదే ఉంటుంది కానీ రుచి చప్పగా ఉంటుంది.

అడగండమ్మా. పసుపు పురుగులా? మంచి ప్రశ్న. బూడిద పట్టిన ఆకుల మీద పెసరగింజంత పురుగులు, నిమ్మపండు పసుపు, తల వెనక తెల్లటి భాగం మీద రెండు నల్ల చుక్కలు, అవేనా? చంపేశారా? అయ్యో! అది అక్షింతల పురుగుల్లో ఒక జాతి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు మీకు తెలుసు, ఇది తినేది బూడిద తెగులునే. పిల్ల పురుగులు కూడా ఆకు మీద మేకలు మేసినట్టు ఆ తెల్లపొడిని గీక్కుంటూ తింటాయి. ఆకును ముట్టవు. ఆకుకు చిల్లులు పెట్టేది గుమ్మడి పెంకు పురుగు, అది నారింజ ఎరుపులో కాస్త పొడుగ్గా ఉంటుంది. ఈ పసుపువి మొత్తం తెగులును తుడిచిపెట్టేస్తాయని చెప్పను, అంత సీన్ లేదు. కానీ అవి కనిపించినప్పుడు నేను స్ప్రేయర్ పక్కన పెడతాను.

మిరపకా సార్? మిరపకొచ్చేది ఈ కుటుంబంలోనే కొంచెం తేడా మనిషి. ఆకు పైన పసుపు మచ్చ, కింద తెల్లపొడి. అది ఆకు లోపలికి కూడా పాకుతుంది, అందుకే పాలు, సోడా దానికి పెద్దగా అందవు. ఆకులు రాల్చేస్తుంది. ఒకటి రెండు మొక్కలే అయితే పండిన కాయలు కోసుకుని మొక్క తీసేయండి, వేరే కుండీలో నారు పెట్టుకోండి. కాయ తినొచ్చా అంటే, తినొచ్చు. సొర, దోస కూడా అంతే. ఈ తెగులు ఆ కాయల మీదికి సాధారణంగా రాదు, కడిగి వండుకోండి.

రేగు చెట్టు ఉందా మీ ఇంట్లో? భోగి పళ్లకని? రేగుకు మాత్రం కాయ మీదికే వస్తుంది. పిందె మీద తెల్లపొడి, తర్వాత అక్కడ గోధుమ రంగు బెరడులా కట్టి పగులుతుంది. అప్పుడు చేయగలిగింది లేదు. పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడే గంధకం కొట్టుకోవాలి, అదీ చల్లని పూట. ఇప్పుడు పాడైనవి ఏరేయండి, పిల్లల మీద పోసేవాటిలో నాలుగు తగ్గినా దిష్టి పోతుందిలెండి. (నవ్వులు)

కంపోస్ట్‌లో వేయొచ్చా? ఈ శిలీంద్రం బతికున్న ఆకు మీదే బతుకుతుంది, ఆకు చచ్చిపోతే చాలావరకు దానితోపాటే పోతుంది. కంపోస్ట్ బాగా వేడెక్కేదైతే వేయండి. మిద్దె మీద బకెట్‌లో చల్లగా నానే రకమైతే వద్దు, కవర్‌లో కట్టి చెత్త బండికి ఇచ్చేయండి. ఆ మొక్క మొదట్లోనే మల్చింగ్‌లా పరచడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

టైమ్ అయిపోయిందంటున్నారు. నా కవర్ ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసలో ఎవరో తెరిచినట్టున్నారు... అవునమ్మా, మీరే. ఫర్వాలేదు, మూతి గట్టిగా మడిచి నాకివ్వండి. ఇంటికెళ్లాక చేతులు కడుక్కుని, ఈ చీర మార్చుకుని, అప్పుడు మిద్దె ఎక్కండి.